ఎన్ని కోట్లు ఇచ్చారో రాస్తారు, ఎన్ని షేర్లు పుట్టాయో రాయరు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ చేతికి రాగానే నేను ముందు తీసేది బిజినెస్ పేజీనే సార్, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి. ప్రభుత్వం ఏదన్నా బ్యాంకుకు డబ్బులు పోస్తోంది అని వార్త వచ్చినప్పుడల్లా మీరనే ఏముంది, అన్ని పేపర్లూ టీవీలూ ఒకటే రకంగా రాస్తాయి, ఇన్ని వేల కోట్లు ఇచ్చారు, షేరు ఇంత శాతం ఎగిరింది, మదుపర్ల సంపద ఒక్కరోజులో ఇంత పెరిగింది, అంతే, అక్కడికి వార్త అయిపోయింది. ఆ డబ్బుకు బదులుగా బ్యాంకు ఎన్ని కొత్త షేర్లు రాసిచ్చింది, ఏ రేటుకు ఇచ్చింది, పాత షేరుదారుడి వాటా ఎంతకు దిగింది, ఇది మాత్రం యాడా కనపడదు. ఆ ఒక్క లెక్క తెలియక మా ఊర్లో చేతులు కాల్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకెలా తెలుసంటే ప్రొద్దుటూరులో నేను ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేసే పని చేస్తాను, జూలై వచ్చిందంటే జనాల డీమ్యాట్ స్టేట్‌మెంట్లన్నీ నా టేబుల్ మీదే ఉంటాయి.

మా ఊరి సంగతి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు, బంగారం వ్యాపారానికి పేరుపడిన ఊరు, తరుగు దగ్గర అర శాతం తేడా వస్తే గంటసేపు బేరమాడే మనుషులు. అలాంటోళ్ళు కూడా ప్రభుత్వ బ్యాంకు షేరు దగ్గరికొచ్చేసరికి "గవర్నమెంటు వెనకుంది కదన్నా, యాడికి పోతాది" అనేస్తారు. అంగళ్ళోళ్ళు, రిటైరైన టీచర్లు, ముద్దనూరు కాడ థర్మల్ ప్లాంటులో పనిచేసేవాళ్ళు, ఇప్పుడు కొత్తగా ఫోన్లో యాప్ ఎక్కించుకున్న పిల్లోళ్ళు, అందరిదీ అదే ధీమా. ఆ మాట సగం నిజమే, బ్యాంకు యాడికీ పోదు. షేరు సంగతి అడిగితే మాత్రం జవాబు వేరే ఉంటుంది.

2017 అక్టోబర్ 24 సాయంత్రం గుర్తుంది కదా మీకు. అరుణ్ జైట్లీ గారు ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు ప్రభుత్వ బ్యాంకులకు 2.11 లక్షల కోట్లు సర్దుతామని ప్రకటించారు, అందులో 1.35 లక్షల కోట్లు రీక్యాపిటలైజేషన్ బాండ్లు, అంటే బ్యాంకుల మూలధనం పెంచడానికి ప్రభుత్వం రాసిచ్చే అప్పు పత్రాలు, మిగతాది కొంచెం బడ్జెట్ నుంచి, కొంచెం బ్యాంకులు మార్కెట్లో తెచ్చుకోవాలి. తెల్లారి మార్కెట్ తెరిచీ తెరవగానే ప్రభుత్వ బ్యాంకుల ఇండెక్స్ దాదాపు 30 శాతం ఎగిరింది, ఒక్క రోజులో సార్, స్టేట్ బ్యాంకు 27 శాతం పైన, పంజాబ్ నేషనల్ బ్యాంకు ఏకంగా 46 శాతం. ఆ లాభం ఎవరికి పోయింది? ముందురోజు సాయంత్రానికే షేర్లు చేతిలో ఉన్నవాళ్ళకు. పొద్దున పేపర్లో చదివి తొమ్మిదింబావుకు ఆర్డర్ పెట్టినోడికి వచ్చింది ఎగిరిన రేటు మాత్రమే. ఇది ఎవరో చేసిన మోసమేం కాదు, మార్కెట్ ఎప్పుడూ ఇంతే, వార్త విలువ మొత్తం మొదటి కొన్ని నిమిషాల్లోనే రేటులో కలిసిపోతుంది. ఆ తర్వాత కొన్నోడు కొనేది ఆ వార్తను కాదు, ఆ తర్వాత ఏం జరుగుతుందో దాన్ని.

ఏం జరిగిందో చూడండి. 2018 జనవరిలో ఏ బ్యాంకుకు ఎంత అని పంచారు, అన్నిటికంటే ఎక్కువ ఐడీబీఐకి 10,610 కోట్లు, స్టేట్ బ్యాంకుకు 8,800, పీఎన్‌బీకి 5,473. ఎంత పెద్ద గుంత ఉంటే అంత ఎక్కువ డబ్బు అన్నమాట, బాగా నడిపినోళ్ళకు బహుమానంగా ఇచ్చింది కాదు. ఫిబ్రవరి 14న పీఎన్‌బీ బయటపెట్టింది, ముంబై బ్రాంచిలో నీరవ్ మోదీ వ్యవహారంలో 11 వేల కోట్ల పైచిలుకు మోసం జరిగిందని, తర్వాత అది 13 వేల కోట్లు దాటింది. ప్రభుత్వం ఇచ్చిన 5,473 ఏ మూలకు వస్తుంది? ఆ ఏడాది ఆ బ్యాంకు నష్టం 12,283 కోట్లు. అక్టోబర్‌లో 200 దాకా పోయిన షేరు ఆ మోసం బయటపడిన కొన్ని వారాల్లోనే వంద దగ్గరికి దిగింది, 2020 కరోనా టైమ్‌లో 30 కిందికి కూడా పోయింది. స్టేట్ బ్యాంకు కూడా ఆరోజు 320 పైన ముగిసి, 2020 మేలో 150 దాకా జారింది. ప్రభుత్వ బ్యాంకుల ఇండెక్స్ మొత్తంగా ఆ 2017 అక్టోబర్ మట్టానికి మళ్ళీ రావడానికి 2022 చివరి దాకా, అంటే సుమారు ఐదేళ్ళు పట్టింది. ఐదేళ్ళు ఎఫ్‌డీ చేసుకున్నా ఎంతో కొంత చేతికొచ్చేది కదా.

ఇక్కడే అసలు సంగతి. స్టేట్ బ్యాంకు తర్వాత కోలుకుంది, 2024లో 800 దాటింది, 320కి కొని ఓపిక పట్టినోళ్ళు బాగానే ఉన్నారు. పీఎన్‌బీ కూడా లాభాల్లోకి వచ్చింది, బ్యాంకుగా చూస్తే ఇప్పుడు గట్టిగానే ఉంది, కానీ 2024లో అంత పెద్ద ర్యాలీ నడిచినప్పుడు కూడా షేరు 150 దాటలేదు. ఇద్దరికీ డబ్బులు పోసింది ఒకే ప్రభుత్వం, ఒకే పథకం, ఎందుకీ తేడా అంటే లెక్క చాలా సింపుల్. 2017 మార్చిలో స్టేట్ బ్యాంకు షేర్లు మొత్తం సుమారు 797 కోట్లు, ఈ గొడవలన్నీ అయ్యాక 892 కోట్లు. పీఎన్‌బీవి అప్పుడు సుమారు 213 కోట్లు, 2022కి 1,100 కోట్లు. ఐదింతలు సార్! అందులో కొంత ఓరియంటల్ బ్యాంకూ యునైటెడ్ బ్యాంకూ కలిసినందుకు ఇచ్చినవి ఉన్నాయి, అది కాదనను, కానీ విలీనానికి ముందే 2020 మార్చికే 213 కాస్తా 670 కోట్లు దాటింది, అదంతా ఎక్కువ భాగం ప్రభుత్వం డబ్బులు పోసి తీసుకున్న షేర్లే.

దీన్ని మా ఆఫీసుకొచ్చేవాళ్ళకు నేను ఇట్లా చెప్తా. నలుగురు కలిసి బియ్యం మిల్లు పెట్టినారు, తలా పావలా వాటా. మిల్లు నష్టపోయింది, కరెంటు బిల్లు కట్టే దిక్కు లేదు, అప్పుడు ఊరి పెద్దాయన వచ్చి డబ్బులు పోసి మిల్లు నిలబెట్టినాడు, బదులుగా ఎనభై పైసల వాటా రాయించుకున్నాడు. మిల్లు బతికింది, కూలోళ్ళకు పని దొరికింది, వడ్లు వేసిన రైతుకు డబ్బు వచ్చింది, అందరికీ సంతోషం. కానీ ఆ నలుగురికీ ఇప్పుడు మిగిలింది తలా ఐదు పైసలు. రేపు మిల్లు మళ్ళీ పాత రోజుల్లో లాగా లాభం చూసినా వాళ్ళకొచ్చేది పాత దాంట్లో ఐదో వంతే. బ్యాంకు విషయంలో కూడా ఇంతే జరుగుతుంది, ఇంకో దరిద్రం ఏందంటే డబ్బు అవసరమయ్యేది షేరు రేటు బాగా పడిపోయినప్పుడే. 5,000 కోట్లు షేరు 200 ఉన్నప్పుడు పోస్తే 25 కోట్ల కొత్త షేర్లు పుడతాయి, అదే 50 ఉన్నప్పుడు పోస్తే 100 కోట్ల షేర్లు పుడతాయి. డబ్బు అదే, పాత వాటాదారుడికి దెబ్బ నాలుగింతలు.

ఇంకో మాట కూడా చాలామందికి తెలియదు, ఈ రీక్యాప్ బాండ్లు అంటే ప్రభుత్వం ఖజానా తెరిచి నోట్ల కట్టలు పంపించినట్టు అనుకుంటారు. నిజానికి బ్యాంకే తన దగ్గరున్న డిపాజిట్ల డబ్బుతో ప్రభుత్వం జారీ చేసిన బాండు కొంటుంది, ప్రభుత్వం ఆ డబ్బునే తిప్పి అదే బ్యాంకులో వాటా కింద పెడుతుంది. బ్యాంకు పుస్తకంలో ఒకవైపు ప్రభుత్వ బాండు ఆస్తిగా కూర్చుంటుంది, ఇంకోవైపు మూలధనం పెరుగుతుంది, బయట్నుంచి ఒక్క కొత్త రూపాయి రాకుండానే బ్యాంకు ఆరోగ్యం మెరుగుపడినట్టు కనపడుతుంది. ప్రభుత్వానికి పడే భారం ఏటా ఆ బాండు మీద కట్టే వడ్డీ, గడువు తీరినప్పుడు అసలు, అదంతా మనం కట్టే పన్నుల్లోంచే. ఆ బాండ్లను బ్యాంకు మార్కెట్లో అమ్ముకోను కూడా లేదు. 2016-17 నుంచి 2020-21 వరకు ప్రభుత్వ బ్యాంకులకు పోసింది మొత్తం 3.1 లక్షల కోట్ల పైన, అందులో 2.76 లక్షల కోట్లు ఈ బాండ్ల రూపంలోనే. తెలివైన ఏర్పాటే, నేను తప్పుపట్టను, కానీ దీన్ని చూసి "బ్యాంకుకు లాభం వచ్చింది" అనుకుని షేరు కొంటే ఎట్లా.

తప్పుపట్టను అని ఎందుకన్నానంటే, పోయకుండా వదిలేస్తే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి కదా. 2015లో రఘురామ్ రాజన్ గారు రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా ఉన్నప్పుడు పుస్తకాలు సరిగా చూడండి, దాచిన మొండి బాకీలు బయటపెట్టండి అని తనిఖీ మొదలుపెట్టించారు, 2018 మార్చికి ప్రభుత్వ బ్యాంకుల మొండి బాకీలు దాదాపు 9 లక్షల కోట్లకు తేలాయి, ఇచ్చిన అప్పుల్లో వందకు 14 రూపాయల పైన. ఆ ఏడాది ప్రభుత్వ బ్యాంకులన్నీ కలిసి 85 వేల కోట్ల నష్టం. అట్లాంటి స్థితి నుంచి 2022-23లో లక్ష కోట్లు దాటిన లాభానికి వచ్చాయి, 2024-25లో 1.78 లక్షల కోట్లు. డబ్బు పోయడం ఒక్కటే కారణం కాదు, దివాలా చట్టం వచ్చింది, పాత బాకీలకు ప్రొవిజన్లు, అంటే రాని బాకీల కోసం లాభంలోంచి పక్కన పెట్టే డబ్బు, చేసేశారు, వడ్డీ రేట్లు కలిసొచ్చాయి. షేర్లు నిజంగా పెరిగింది ఎప్పుడో గమనించండి, డబ్బు పోసినప్పుడు కాదు, ఇంక పోయాల్సిన అవసరం లేదు అని తేలిపోయాక. 2022లో ప్రభుత్వ బ్యాంకుల ఇండెక్స్ మిగతా రంగాలన్నిటినీ దాటి పరిగెత్తింది, ఆ ఏడాది ప్రభుత్వం పెద్దగా ఇచ్చింది ఏమీ లేదు. మా దగ్గరికొచ్చే ఒకాయన "2017లో కొని 2021లో విసిగిపోయి అమ్మేసినా సామీ" అన్నాడు, ఆయన స్టేట్‌మెంట్లో లాంగ్ టర్మ్ క్యాపిటల్ లాస్ రాసేటప్పుడు నాకే మనసొప్పలేదు, ఇంకొక్క ఏడాది ఆగుంటే.

ఇక ప్రైవేటు బ్యాంకును కాపాడినప్పుడు ఇంకా విచిత్రం. యెస్ బ్యాంకు సంగతి చూడండి. 2018 ఆగస్టులో 400 రూపాయలు పలికిన షేరు. 2020 మార్చి 5న రిజర్వ్ బ్యాంకు మారటోరియం పెట్టింది, మనిషికి 50 వేలకు మించి తీయడానికి లేదు, మరుసటి రోజు షేరు 5 రూపాయల 55 పైసల దాకా పడి 16 దగ్గర ముగిసింది. తర్వాత స్టేట్ బ్యాంకు ముందుండి, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ, యాక్సిస్, కోటక్ లాంటి బ్యాంకులు కలిసి 10 వేల కోట్లు పెట్టాయి, షేరు పది రూపాయల చొప్పున. అంటే అప్పటిదాకా 255 కోట్లున్న షేర్లకు ఇంకో వెయ్యి కోట్ల షేర్లు కలిశాయి. అది చాలదన్నట్టు వంద షేర్లకు పైన ఉన్న పాత వాటాదారులకు నూటికి 75 షేర్లు మూడేళ్ళు అమ్మడానికి లేదని తాళం వేశారు. అమ్మేవాడు లేకపోయేసరికి మార్చి 18న అదే షేరు 80 దాటింది! 5 రూపాయల నుంచి 80కి, రెండు వారాలు కూడా కాలేదు. దాన్ని చూసి ఎగబడి కొన్నోళ్ళు ఉన్నారు, "అయిపోయింది, ఇంక 400కు పోతాది" అని. జూలైలో బ్యాంకు మళ్ళీ మార్కెట్‌కొచ్చి 12 రూపాయలకు 15 వేల కోట్ల షేర్లు అమ్మింది, మొత్తం షేర్లు 2,500 కోట్లు అయినాయి. 255 ఎక్కడ, 2,500 ఎక్కడ, ఇప్పుడు ఆ పాత 400 రేటు రావాలంటే బ్యాంకు విలువ అప్పటికంటే పదింతలు కావాలి, ఇది గణితం, ఆశతో పనిలేదు.

స్టేట్ బ్యాంకు మాత్రం పది రూపాయలకు కొన్నదాంట్లో 13 శాతం పైన వాటాను 2025లో జపాన్ బ్యాంకు ఎస్ఎంబీసీకి 21 రూపాయల 50 పైసల లెక్కన అమ్మింది, 8,889 కోట్లు వచ్చాయి. కాపాడినోడికి రెండింతలు, మునిగినోడికి ఏమీ లేదు. న్యాయమే కదా అంటారేమో, నేనూ న్యాయమే అంటాను, షేరు అంటే రిస్కు తీసుకోవడమే. కానీ ఇంకో రకం మనుషులు ఉన్నారు, ఆ బ్యాంకు ఏటీ-1 బాండ్లు కొన్నవాళ్ళు, అంటే వడ్డీ ఎక్కువిచ్చి, బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేసే షరతు ఉన్న బాండ్లు. 8,400 కోట్ల పైన విలువైన బాండ్లను ఒక్క దెబ్బతో రద్దు చేశారు, షేరుదారుడికి పది రూపాయలో ఎంతో మిగిలింది, బాండు పట్టుకున్నోడికి సున్నా. ఎక్కువ వడ్డీ వస్తుంది, ఎఫ్‌డీ లాంటిదే అని చెప్తే నమ్మి పెద్దవయసు వాళ్ళు కూడా కొన్నారు, అది కోర్టుల దాకా పోయింది. మీ పేపర్లో ఏటీ-1 బాండు అంటే ఏందో ఒక్కసారి మామూలు తెలుగులో రాస్తే పుణ్యముంటుంది.

లక్ష్మీ విలాస్ బ్యాంకుది ఇంకా తేటతెల్లమైన కథ. 2020 నవంబర్ 17న మారటోరియం, పది రోజుల్లో డీబీఎస్ ఇండియాలో కలిపేశారు, డిపాజిటర్లకు పైసా నష్టం లేదు, షేర్లు మొత్తం సున్నా చేసేశారు. తక్కువ రేటుకు వస్తోంది కదా అని చివరి నెలల్లో యావరేజ్ చేసుకుంటూ పోయినోళ్ళ పరిస్థితి ఏంటో మీరే ఊహించుకోండి. మన తెలుగోళ్ళకు ఇది కొత్త కూడా కాదు, రమేష్ గెల్లీ గారు హైదరాబాదులో పెట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు గుర్తుండే ఉంటుంది, 2004 జూలైలో మారటోరియం, ఆగస్టులో ఓరియంటల్ బ్యాంకు ఆఫ్ కామర్స్‌లో కలిపారు, డిపాజిట్లు భద్రం, వాటాదారులకు గుండుసున్నా. అదే కో-ఆపరేటివ్ బ్యాంకులైతే కృషి బ్యాంకు లాంటి చోట డిపాజిటర్లు కూడా ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది, కాబట్టి ప్రతి బ్యాంకునూ సర్కారు కాపాడుతుందనేది కూడా ఉత్తమాటే. డిపాజిట్‌కు ఇన్సూరెన్సు 5 లక్షల దాకా ఉంది, 2020 ఫిబ్రవరి ముందైతే లక్షే. షేరుకు అలాంటిది ఏదీ లేదు, ఉండదు కూడా.

విలీనాల సంగతి కూడా ఒక ముక్క చెప్పి వదిలేస్తా. మా వైపు ఇంటింటికీ సిండికేట్ బ్యాంకు ఖాతా ఉండేది, పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు సరేసరి. 2020 ఏప్రిల్ 1న ఒకటి కెనరాలో, ఇంకోటి యూనియన్ బ్యాంకులో కలిశాయి. వెయ్యి సిండికేట్ షేర్లకు 158 కెనరా షేర్లు, వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ షేర్లు ఇచ్చారు. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి "వెయ్యుండాల్సిన చోట 325 ఉండాయి నాయనా, మిగతావి ఎవురు తిన్నారు" అని అడిగాడు. ఎవరూ తినలేదు పెద్దాయనా, రెండు షేర్ల రేట్లు వేరు కాబట్టి నిష్పత్తి అట్లా వచ్చింది అని చెప్పా. కానీ ఆయన అడిగింది తప్పుడు ప్రశ్న ఏం కాదు, విలీనానికి ముందు నాలుగైదేళ్ళుగా ప్రభుత్వం డబ్బు పోస్తూ షేర్లు తీసుకుంటూ పోయింది, ఆయన వాటా అప్పుడే కరిగిపోయింది, నిష్పత్తి దగ్గర కంటికి కనపడింది అంతే.

ఇదంతా మన దేశంలోనే అనుకోవద్దు. 2008లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు మునిగాక మిగతావాటిని కాపాడటానికి 700 బిలియన్ డాలర్ల బెయిలవుట్ బిల్లు పెడితే సెప్టెంబర్ 29న అక్కడి ప్రతినిధుల సభ కొట్టేసింది, అక్కడి షేర్ల ఇండెక్స్ డౌ జోన్స్ ఒక్కరోజులో 777 పాయింట్లు పడింది. భయపడి అక్టోబర్ 3న పాస్ చేశారు. పాసయ్యాక పెరగాలి కదా? తర్వాతి వారం డౌ 18 శాతం పడింది. ప్రభుత్వమే నేరుగా బ్యాంకుల్లో వాటా కొంటుంది అని తెలిసిన అక్టోబర్ 13న 936 పాయింట్లు పెరిగింది, అందరూ అయిపోయిందిలే అనుకున్నారు, మార్కెట్ అడుగు తాకింది మాత్రం 2009 మార్చిలో. సిటీ గ్రూప్ షేరు ఆ మార్చిలో ఒక డాలర్ కిందికి వెళ్ళింది, తర్వాత 2011లో పది షేర్లను ఒకటి చేసి రేటు పెద్దగా కనపడేలా చేసుకున్నారు. అమెరికా ప్రభుత్వానికి సిటీ మీద సుమారు 12 బిలియన్ డాలర్ల లాభం వచ్చింది, పాత వాటాదారుడు మాత్రం మునిగాడు. చికాగో ప్రొఫెసర్లు వెరోనేసి, జింగాలెస్ అనేవాళ్ళు లెక్కలు తీస్తే ఆ అక్టోబర్ ప్లాన్‌తో ఎక్కువ బాగుపడింది బ్యాంకులకు అప్పులిచ్చిన బాండ్ల వాళ్ళు అని తేలింది. బ్రిటన్ కథ తిరగబడింది, ఆర్‌బీఎస్ (రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్)లో ప్రభుత్వం 45 బిలియన్ పౌండ్లు పెట్టి సగటున షేరు 502 పెన్స్‌కు కొని, 2025 మే నాటికి మొత్తం అమ్మేసేసరికి పన్ను కట్టినోళ్ళకు పది బిలియన్లకు పైన నష్టం. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు పోయినప్పుడు అమెరికా ప్రభుత్వం డిపాజిటర్లందరికీ పూర్తి డబ్బు ఇచ్చింది, షేరుదారులను కాపాడం అని ముందే చెప్పేసింది. అదే నెల స్విట్జర్లాండ్‌లో క్రెడిట్ స్విస్‌ను యూబీఎస్‌కు కట్టబెట్టినప్పుడు 16 బిలియన్ ఫ్రాంకుల ఏటీ-1 బాండ్లు రద్దు, మన యెస్ బ్యాంకు కథే, మూడేళ్ళు ఆలస్యంగా.

కాపాడతారనే నమ్మకం ఉన్నప్పుడు కష్టం రాకముందే రాబడి తగ్గుతుంది, ఇది కొంచెం మెలిక ఉన్న విషయం. పెద్ద బ్యాంకు మునిగితే ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు అని అందరికీ తెలుసు కాబట్టి జనం ఆ షేరును తక్కువ రిస్కు అని ఎక్కువ రేటుకు కొంటారు, ఎక్కువ రేటుకు కొంటే వచ్చే రాబడి తక్కువే కదా. అమెరికా బ్యాంకుల మీద చేసిన పరిశోధనలో కూడా ఇదే వచ్చింది, రిస్కు సర్దుబాటు చేసి చూస్తే అతి పెద్ద బ్యాంకుల షేర్ల రాబడి చిన్న బ్యాంకుల కంటే తక్కువ. అంటే ప్రభుత్వం అభయహస్తం ఊరికే రావడం లేదు, షేరు కొన్నప్పుడే దాని ఖరీదు కట్టేస్తున్నాం. మన ప్రభుత్వ బ్యాంకుల్లో దీనికి ఇంకోటి కూడా తోడవుతుంది, సర్కారే యజమాని కాబట్టి రేపు ఎవరికి అప్పు ఇవ్వమంటుందో, ఏ మునిగే సంస్థను ఎత్తుకోమంటుందో తెలియదు, ఐడీబీఐని ఎల్ఐసీ నెత్తిన పెట్టలేదా, 51 శాతం వాటాకు 21,624 కోట్లు, అది పాలసీదారుల సొమ్ము.

మధ్యలో ఒక మాట సార్, రైతుకు రుణమాఫీ అన్నప్పుడు మీ సంపాదకీయాల్లో క్రమశిక్షణ దెబ్బతింటుందని రాస్తారు, శనగ వేసి నష్టపోయిన మా జమ్మలమడుగు వైపు రైతుకు లక్ష మాఫీ చేస్తే చెడిపోతాడంట, వేల కోట్లు ఎగ్గొట్టిన కంపెనీల వల్ల ఖాళీ అయిన బ్యాంకును పన్నుల డబ్బుతో నింపితే మాత్రం సంస్కరణ అంట. నింపొద్దని నేను అనట్లేదు, ఆ బ్యాంకులో ఉన్నది మా డిపాజిట్లే. క్రమశిక్షణ మాట ఇద్దరికీ ఒకేలా వాడండి అంటున్నా.

ఇప్పుడు నా విన్నపం. ఈసారి ఏ బ్యాంకుకన్నా ప్రభుత్వం డబ్బు పోసిన వార్త వచ్చినప్పుడు షేరు ఎంత శాతం పెరిగిందో రాసిన చోటే ఇంకో నాలుగు లైన్లు కలపండి, కొత్త షేర్లు ఎన్ని, ఏ రేటుకు, మొత్తం షేర్లు ఎన్ని నుంచి ఎన్నికి పోయాయి, పుస్తకంలో ప్రొవిజన్ చేయని మొండి బాకీ ఇంకా ఎంత మిగిలింది. ఇవన్నీ బ్యాంకు ఎక్స్ఛేంజీలకు పంపే కాగితాల్లో ఉంటాయి, రహస్యం ఏం కాదు, మీ రిపోర్టర్ అరగంట కూర్చుంటే దొరుకుతాయి. వాటా కరిగిన లెక్క చిన్న పట్టికలా వేసినా సరే. డిపాజిటర్‌కు ఏం జరుగుతుంది, బాండు ఉన్నోడికి ఏం జరుగుతుంది, షేరు ఉన్నోడికి ఏం జరుగుతుంది అని మూడూ విడివిడిగా రాయండి, ఇప్పుడు మూడూ కలిపి "ఖాతాదారులకు ఊరట" అని ఒకే హెడ్డింగు పెట్టేస్తున్నారు, మా ఊర్లో ఒకే మనిషికి ఆ మూడూ ఉంటున్నాయి, అంగడి కరెంట్ ఖాతా ఆడే, కూతురి పెళ్ళికి ఎఫ్‌డీ ఆడే, అదే బ్యాంకు షేర్లు కూడా.

ఉత్తరం పొడుగైందని కత్తెర వేస్తే వేయండి, షేర్ల సంఖ్య ఉన్న పేరాలు మాత్రం ఉంచండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు, ట్యాక్స్ రిటర్నుల పని చేసేవాడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా